మొదటి గేమింగ్ పీసీ: ఏ పార్టు మీద ఎక్కువ పెట్టాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు

మొదటిసారి గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ప్రాసెసర్ గురించి, "ఐ5 మంచిదా, రైజెన్ 5 మంచిదా?" అనే. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది మూడో ప్రశ్న. దానికంటే ముందు ఏ గేమ్స్ ఆడతారు, ఏ మానిటర్ మీద ఆడతారు అన్నది తేలాలి. అది తేలకుండా పార్టుల లిస్టు రాసుకుంటే డబ్బు అక్కర్లేని చోటికి పోతుంది.

నేను ప్రతి పార్టు దగ్గరా ఒకటే చూస్తాను: రెండేళ్ళ తర్వాత దీన్ని మార్చాలంటే ఎంత పని, ఎంత నష్టం? ర్యామ్ రెండు నిమిషాల్లో మారుతుంది. ఎస్ఎస్‌డీకి ఒక్క స్క్రూ. గ్రాఫిక్స్ కార్డు పాతది అమ్మేసి కొత్తది పెట్టుకోవచ్చు. మదర్‌బోర్డు మాత్రం అలా కాదు. దాన్ని మార్చాలంటే పీసీ మొత్తం ఊడదీయాలి, చాలాసార్లు ప్రాసెసర్, ర్యామ్ కూడా దాంతోపాటే మార్చాల్సి వస్తుంది. ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా) మార్చాలంటే వైర్లన్నీ మళ్ళీ లాగాలి. అందుకే రెండిట్లో ఏది కొనాలో తేలనప్పుడు, తర్వాత మార్చడం కష్టమైన దాని మీద ఇప్పుడే డబ్బు పెట్టమంటాను.

మానిటర్ నుంచి మొదలుపెట్టండి

1080పీ స్క్రీన్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. 1440పీలో దాదాపు 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు. ప్రతి ఫ్రేములోనూ ఈ పిక్సెళ్ళన్నీ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. కాబట్టి మానిటర్ ఎంచుకున్నప్పుడే కార్డు స్థాయి కూడా సగం తేలిపోతుంది.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివే ఎక్కువగా ఆడతారా? అయితే 24 అంగుళాల 1080పీ ఐపీఎస్ (రంగులు బాగా చూపే రకం) మానిటర్, 144 నుంచి 180 హెర్ట్జ్ (సెకనుకు బొమ్మ అన్నిసార్లు మారుతుంది) మధ్యలో ఉన్నది తీసుకోండి. ఈ గేమ్స్‌లో గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ప్రాసెసర్ మీదే భారం పడుతుంది. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి కథ ఉన్న పెద్ద గేమ్స్ కోసమైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ 80 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 80 ఫ్రేములు) వచ్చినా హాయిగా ఆడొచ్చు, బొమ్మ నాణ్యత ముఖ్యం, కార్డు మీద పెట్టిన ప్రతి రూపాయీ కంటికి కనిపిస్తుంది.

బడ్జెట్‌లో చోటుంటే నా మొగ్గు 27 అంగుళాల 1440పీ వైపు. దానికి కారణం ఉంది. ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్ లాంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు గేమ్‌ను తక్కువ రిజల్యూషన్‌లో గీసి తర్వాత పెద్దది చేస్తాయి. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది దాదాపు 960పీ, 1080పీలో అదే మోడ్ పెడితే 720పీ. మొదటిదాంట్లో బొమ్మ స్పష్టంగా నిలబడుతుంది, రెండోదాంట్లో చెట్ల కొమ్మలు, కరెంటు వైర్ల లాంటి సన్నని గీతలు చెదురుతాయి. పైగా ఒకసారి కొన్న మానిటర్ రెండు మూడు కార్డులు మారినా అలాగే ఉంటుంది.

ఇంట్లో టీవీ ఉండి, ఇప్పుడు మానిటర్‌కి డబ్బు లేకపోతే టీవీకే కలిపి మొదలుపెట్టండి. మామూలు టీవీ 60 హెర్ట్జే ఇస్తుంది. అయినా కథ గేమ్స్‌కి సరిపోతుంది. ఆ మిగిలిన డబ్బు కార్డులోకి వెళ్తుంది.

గ్రాఫిక్స్ కార్డు: 8 జీబీనా, 12 జీబీనా, 16 జీబీనా

ముందుగా ఒక హెచ్చరిక. "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఐ7 ప్రాసెసర్, గేమింగ్ పీసీ" అని తక్కువ ధరకు అమ్మే సెట్లు ఉంటాయి. వాటిలో కార్డు చాలాసార్లు 2014 నాటి జీటీ 730. ఐ7 అంటే 2011లో వచ్చిన 2600, లేదా 2012 నాటి 3770. వాటికంటే మామూలు ఐ3-12100ఎఫ్ వేగంగా ఉంటుంది. ఆ పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వాలరెంట్‌కి విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు రెండూ తప్పనిసరి. డబ్బు తక్కువున్న కుర్రవాళ్ళే ఈ సెట్లు కొని నష్టపోతున్నారు, అందుకే ఇది మొదట చెబుతున్నాను. జీబీ అంకె, ఐ7 అనే పేరు చూసి కాకుండా పూర్తి మోడల్ నంబర్ అడిగి తెలుసుకుని కొనండి.

ఇక అసలు పోలిక. 2025లో వచ్చిన కార్డుల్లో మధ్యతరగతి బడ్జెట్‌కి పోటీ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మధ్య. 5060 ఒక్క 8 జీబీలోనే వస్తుంది. మిగతా రెండూ 8, 16 జీబీ రకాల్లో ఉన్నాయి. విడుదలైనప్పుడు అమెరికాలో ప్రకటించిన ధరలు చూస్తే 9060 ఎక్స్‌టీ 8 జీబీ 299 డాలర్లు, 16 జీబీ 349. 5060 టీఐ 379, 429. అంటే రెండు చోట్లా తేడా 50 డాలర్లే. మన దగ్గర పన్ను, షాపు లాభం కలిశాక, పైగా మెమరీ ధరలు పెరిగాక ఆ తేడా పెద్దదవుతుంది. అయినా కథ గేమ్స్ కోసం మూడు నాలుగేళ్ళు వాడాలనుకుంటే 16 జీబీ రకానికే వెళ్ళమంటాను. కార్డు మెమరీ నిండిపోతే ఎఫ్‌పీఎస్ కొద్దిగా తగ్గి ఊరుకోదు. గేమ్ కుదుపులు కుదుపులుగా నడుస్తుంది, గోడలు, బట్టల మీద బొమ్మ మసకగా వస్తుంది. ర్యామ్ లాగా కార్డులో మెమరీ తర్వాత పెంచుకోలేం.

ఇందులోనే షాపువాళ్ళు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. 5060, 5060 టీఐ, అంతకు ముందు తరం 4060 మదర్‌బోర్డుతో ఎనిమిది లేన్ల (డేటా వెళ్ళొచ్చే దారుల) మీదే మాట్లాడతాయి. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు. మీ బోర్డులో ఆ దారుల తరం పీసీఐఈ 4.0 అయితే ఎనిమిది లేన్లు చాలు. ఏ520 లాంటి పీసీఐఈ 3.0 బోర్డు మీద 8 జీబీ కార్డు పెట్టి మెమరీ నింపారంటే, పొంగిన డేటా అంతా ఆ ఇరుకు దారిలోంచే సిస్టమ్ ర్యామ్‌కి వెళ్ళి రావాలి. అప్పుడు నష్టం బాగా తెలుస్తుంది. చవక బోర్డు, 8 జీబీ కార్డు విడివిడిగా చూస్తే రెండూ పరవాలేదు. వాటిని జోడించకండి.

ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో వస్తుంది, 1440పీలోనూ దాని ధరకు మంచి ఫలితమిస్తుంది. దానికి రెండు షరతులు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీని మొత్తంగా అందుకునే సౌకర్యం) ఆన్ చేసి ఉండాలి, ప్రాసెసర్ కొత్త తరానిది అయ్యుండాలి. రైజెన్ 5 2600, 3600 లాంటి పాతవాటితో కలిపితే ఇది బాగా వెనకబడుతుంది. కాబట్టి పాత పీసీలో కార్డు ఒక్కటే మార్చుకునేవాళ్ళకు ఇది వద్దు.

ఎన్‌విడియానా, ఏఎమ్‌డీనా? గేమ్స్ ఒక్కటే అయితే ఆ రోజు ఏది చవకగా దొరికితే అది తీసుకోండి. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలనో, వీడియో ఎడిటింగ్ చేయాలనో, ఇంట్లో ఏఐ మోడళ్ళతో ప్రయోగాలు చేయాలనో ఉంటే ఎన్‌విడియా తీసుకోండి. ఆ రంగాల్లో చాలా సాఫ్ట్‌వేర్ ఎన్‌విడియా సొంత వేదిక సీయూడీఏ (CUDA) మీదే ముందుగా, బాగా పనిచేస్తుంది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు ఈ తేడా నిజంగా పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ గురించి రెండు మాటలు. 2022 సెప్టెంబర్‌లో క్రిప్టో కరెన్సీ ఇథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. అప్పుడు బయటికొచ్చిన కార్డులు ఇంకా చేతులు మారుతున్నాయి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ లాంటివి మంచి ధరకు దొరికితే కొనొచ్చు. అయితే మీ కళ్ళ ముందు ఇరవై నిమిషాలైనా ఏదో ఒక బరువైన గేమ్ నడిపి, వేడి, ఫ్యాన్ చప్పుడు చూశాకే డబ్బివ్వండి. "ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ" అని రాసి ఉన్నది దొరికితే అది అసలు 580 కాదు, 570తో సమానమైన రకం. ఇంకొకటి, ఇప్పుడొస్తున్న కొన్ని పెద్ద గేమ్స్‌కి రే ట్రేసింగ్ (వెలుతురును నిజంలా చూపే పద్ధతి) హార్డ్‌వేర్ తప్పనిసరి. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ అలాంటిదే. జీటీఎక్స్ పేరున్న పాత కార్డులు, ఆర్‌ఎక్స్ 5000 సిరీస్ కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్: మూడూ కలిపి ఒకే నిర్ణయం

ఇవి విడివిడిగా ఎంచుకునేవి కావు. మీ ముందున్నవి మూడు దారులు.

మొదటిది ఏఎమ్‌డీ పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎమ్4 మీద రైజెన్ 5 5600. ఆరు కోర్లు, డీడీఆర్4 ర్యామ్. బోర్డులు, ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కూడా బాగా దొరుకుతాయి. కానీ ఈ సాకెట్ 2017లో రైజెన్‌తో పాటు జనంలోకి వచ్చింది, ఇక దీని ప్రయాణం చివరికి వచ్చేసినట్టే. రెండోది ఇంటెల్ ఐ5-12400ఎఫ్. ఇదీ ఆరు కోర్లే, గేమ్స్‌లో 5600కి దగ్గరగా ఉంటుంది. దీని బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల్లోనూ వస్తాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. బిల్లు వేసేముందు బోర్డు పేరు చివర ఏం రాసి ఉందో చూసుకోండి. దీని సాకెట్ కూడా 14వ తరంతో ఆగిపోయింది, 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా చిప్‌లకు వేరే సాకెట్. మూడోది ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5 మీద రైజెన్ 5 7600. డీడీఆర్5 మాత్రమే. ఈ సాకెట్‌కు 2027 వరకూ, ఆ తర్వాతా మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ ప్రకటించింది.

నేను పైన చెప్పిన లెక్క ప్రకారం కొత్తగా అన్నీ కొనేవాళ్ళకు ఏఎమ్5 సరైనది. ఈ రోజు 7600 పెట్టుకుని, కొన్నేళ్ళ తర్వాత 7800ఎక్స్3డీ లాంటిది అదే బోర్డులో బిగించుకోవచ్చు. మిగిలిన రెండు దారుల్లో అంత పెద్ద మెట్టు సులభంగా దొరకదు.

ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టింది ర్యామ్ ధర. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొనేయడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు భారీగా పెరిగాయి. మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే క్రూషియల్ వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ అదే డిసెంబర్‌లో ప్రకటించింది. ఇలాంటి సమయంలో మీ పాత పీసీలోనో, మీ అన్నయ్య దగ్గరో 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఖాళీగా ఉంటే 5600 గానీ, డీడీఆర్4 బోర్డుతో 12400ఎఫ్ గానీ తెలివైన ఎంపిక అవుతుంది. మిగిలిన డబ్బుతో ఒక మెట్టు పై కార్డు వస్తుంది. ర్యామ్ కూడా కొత్తగా కొనాల్సిందే అయితే ఆ రోజు డీడీఆర్4, డీడీఆర్5 ధరలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే ఏఎమ్5 వదులుకోకండి.

ఏఎమ్5లో ర్యామ్ ఎన్ని ముక్కలుగా కొనాలన్నది కూడా ముఖ్యమే. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 వేగం బాగా తగ్గిపోతుంది, కాబట్టి చివరికి రెండు స్టిక్కుల దగ్గరే ఆగాలి. 32 జీబీకి ఇప్పుడు డబ్బు చాలకపోతే 16 జీబీ స్టిక్ ఒకటి వేసి, తర్వాత అదే మోడల్ ఇంకోటి కలపండి. అప్పటిదాకా సింగిల్ చానల్ (ఒక్క స్టిక్ మీదే నడవడం) వల్ల కొంత వేగం పోతుంది, కానీ 8 జీబీవి రెండు కొని తర్వాత అవి పక్కన పడేయడం కంటే నయం. డీడీఆర్5 కొనేటప్పుడు 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యాన్ని చెప్పే అంకె) అని ఉన్నది దొరికితే మంచిది. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే ఆ 6000 మీకు రాదని మర్చిపోకండి.

పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా స్క్రీన్ మీద ఏమీ రాదు. 7500ఎఫ్, 7600 మధ్య ధర తేడా తక్కువైతే నేను 7600 తీసుకోమంటాను. కార్డు పాడై వారంటీకి వెళ్తే వారాల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ వారాల్లో కనీసం చదువు, ఆఫీసు పని ఆగవు.

ఇంటెల్ 13, 14వ తరం చిప్‌లలో, ముఖ్యంగా ఐ7, ఐ9 రకాల్లో, వోల్టేజ్ ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య బయటపడింది. 2024 ఆగస్టులో ఇంటెల్ సరిదిద్దే మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పెంచింది. సెకండ్ హ్యాండ్‌లో వాటిని కొనొద్దు. 12400ఎఫ్‌కి ఈ గొడవ లేదు.

కార్డు కొనడానికి ఇప్పుడు అసలు డబ్బే లేదంటే రైజెన్ 5 8600జీతో మొదలుపెట్టొచ్చు. దాని లోపలి గ్రాఫిక్స్ తేలికైన గేమ్స్‌ని 1080పీలో నడిపిస్తుంది. ఇక్కడ మాత్రం ర్యామ్ రెండు స్టిక్కులు తప్పనిసరి, ఎందుకంటే గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ లేదు. 8500జీ కొంచెం చవక, కానీ తర్వాత పెట్టే కార్డుకి అది నాలుగు లేన్లే ఇస్తుంది. ఆ కొద్దిపాటి మిగులు కోసం రేపటి దారి మూసుకోవడం నాకు నచ్చదు.

ఎస్ఎంపీఎస్, కరెంటు, ఎండ

బడ్జెట్ దాటినప్పుడు అందరూ మొదట కోసేది ఎస్ఎంపీఎస్‌నే. అక్కడ మాత్రం కోయకండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ గేమింగ్ పీసీకి పనికిరాదు. పైన చెప్పిన కార్డులన్నిటికీ మంచి కంపెనీ 650 వాట్లది హాయిగా సరిపోతుంది, తర్వాత పెద్ద కార్డుకీ కొంత చోటుంటుంది. "80 ప్లస్ బ్రాంజ్", "గోల్డ్" అన్నవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతాయి తప్ప లోపలి భాగాల నాణ్యతకు హామీ కావు. నేను వారంటీ చూస్తాను. ఐదేళ్ళు, ఏడేళ్ళు ఇస్తున్నారంటే తయారుచేసినవాళ్ళకే దాని మీద నమ్మకం ఉందన్నమాట. ఊడే కేబుళ్ళున్న మాడ్యులర్ రకం కొంటే, ఒక కంపెనీ కేబుళ్ళు ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి పెట్టకండి. కొన చూడ్డానికి ఒకేలా ఉంటుంది, లోపల వైర్ల వరస వేరు. ఎస్ఎస్‌డీలు, బోర్డులు కాలిపోతాయి.

యూపీఎస్ దగ్గర వీఏ అంకె చూసి మోసపోవద్దు. 600 వీఏ రకం సాధారణంగా ఇచ్చేది 360 వాట్ల దాకానే. గేమ్ మధ్యలో పీసీ, మానిటర్ కలిపి దానికి దగ్గరగా లాగొచ్చు. 1000 వీఏ పైది చూడండి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద చదరపు అలలాంటి కరెంటు ఇస్తాయి, కొన్ని ఎస్ఎంపీఎస్‌లు దాన్ని ఒప్పుకోక కరెంటు పోగానే ఆగిపోతాయి. ఇంట్లో ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండి, దానికి యూపీఎస్ మోడ్ ఉంటే, దాని వాట్లు కూడా సరిపోతే, వేరే యూపీఎస్ అక్కర్లేకపోవచ్చు. ఇంకొకటి, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఎర్తింగ్ లేదని అనుమానించండి. పాత ఇళ్ళలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి కానీ ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించాకే పీసీ పెట్టండి.

విదేశీ రివ్యూల్లో కనిపించే వేడి అంకెలు 20 నుంచి 25 డిగ్రీల గదిలో కొలిచినవి. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో ఏసీ లేని గది దాదాపు 40 డిగ్రీలుంటుంది. గది ఎంత వేడెక్కితే లోపలి పార్టులూ దాదాపు అంతే అదనంగా వేడెక్కుతాయి. రివ్యూలో 66 ఉన్న కార్డు మీ ఇంట్లో 80 దాటుతుంది. అందుకని ముందువైపు మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా వదిలేసి జాలీ ఉన్నది, గాలి లోపలికి లాగే రెండు, బయటికి పంపే ఒకటి ఫ్యాన్లున్నది తీసుకోండి. 7600తో పాటు వచ్చే కూలర్ పనిచేస్తుంది, కానీ ఎండాకాలంలో మోత మోగిస్తుంది. చవకైన టవర్ కూలర్ ఒకటి తర్వాతైనా వేసుకోండి. లిక్విడ్ కూలర్ ఈ స్థాయి పీసీకి అనవసరం.

ఎస్ఎస్‌డీ విషయం తేలిక. 1 టీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డులో బిగించే వేగమైన రకం) తీసుకోండి, 500 జీబీ నాలుగైదు పెద్ద గేమ్స్‌తో నిండిపోతుంది. జెన్3, జెన్4 (పీసీఐఈ 3.0, 4.0) రకాల మధ్య తేడా గేమ్ లోడింగ్‌లో కంటికి పెద్దగా ఆనదు. హార్డ్ డిస్క్ ఫొటోలకు, సినిమాలకు ఉంచుకోండి.

కొనే రోజు

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఒకసారి వెళ్ళి రావడం మంచిది. ఒకే రోజులో నాలుగు షాపుల్లో కొటేషన్ తీసుకోవచ్చు. కొటేషన్‌లో "16 జీబీ ర్యామ్", "బీ650 బోర్డు" అని కాకుండా పూర్తి మోడల్ పేరు రాయించండి. రాయకపోతే అసెంబ్లీ రోజున దాని స్థానంలో ఇంకేదో వస్తుంది. జీఎస్‌టీ బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, బిల్లు లేకపోతే వారంటీ దగ్గర మీ మాట చెల్లదు.

అమెరికాలో ఉన్న అక్కో బావో వస్తూ కార్డు తెస్తామంటే ముందు ఆ కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో చూడండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ప్రాసెసర్ లాంటి అరుదుగా పాడయ్యే వస్తువైతే తెప్పించుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ధరలో తేడా బాగా ఉంటే తప్ప ఇక్కడే కొంటాను.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎమ్5 బోర్డులు ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటాయి. టెన్షన్ పడి స్విచ్ ఆపేయకండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారో లేదో, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 బదులు 144 గానీ 180 గానీ ఎంచుకున్నారో లేదో చూడండి. ఆ తర్వాత మొదటి రెండు మూడు రోజులు మీకున్న అన్నిటికంటే బరువైన గేమ్‌ని గంటల తరబడి ఆడండి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కొన్న పార్టుకి రీప్లేస్‌మెంట్ గడువు తరచూ వారం పది రోజులే ఉంటుంది. అది దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి.